నూరు లక్షలు ఒక కోటి: పావులూరి మల్లన కథ

సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఏదో ఒక రోజు మనందరికీ ఎదురయ్యే సంఖ్య ఒకటుంది. అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ అనే 64 బిట్ల డబ్బాలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య అది: 18446744073709551615. మొత్తం ఇరవై అంకెలు. దీనికి ఒకటి కలిపితే డబ్బా నిండిపోయి మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది.

ఇదే సంఖ్యని ఒక్క అంకె కూడా తేడా రాకుండా ఒక తెలుగాయన చంపకమాల పద్యంలో పెట్టాడు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు, ఆ మాటకొస్తే మనం వాడే కాగితమూ లేదు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాట. ఆయన పేరు పావులూరి మల్లన. తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో నన్నయ తర్వాత ఒకటి రెండు పేరాల్లో ఆయన్ని ముగించేస్తారు. మన బ్రాంచీల వాళ్ళకి మాత్రం ఆయన ఇంకొంచెం ఎక్కువ కావాల్సిన మనిషి. అందుకే ఈ సంచికకి ఆయన కథ రాస్తున్నా.

మల్లన ఊరు పావులూరు. అప్పట్లో కమ్మనాడు అనే ప్రాంతంలో ఉండేది. ఇప్పటి లెక్కలో బాపట్ల జిల్లా ఇంకొల్లు దగ్గర. ఇంటిపేరే ఊరిపేరు. ఆయన ఏ సంవత్సరం పుట్టాడో చెప్పే ఆధారాలు లేవు కానీ కాలం పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. ఆయన పుస్తకంలోని ఒక పద్యంలో రాజరాజ నరేంద్రుడి ప్రస్తావన ఉంది. రాజమహేంద్రవరం నుంచి 1022 మొదలు 1061 దాకా ఏలిన తూర్పు చాళుక్య రాజు ఆయన. నన్నయ చేత భారతం మొదలుపెట్టించింది ఆయనే. ఆ రాజు దగ్గర పిఠాపురం పక్కనున్న నవఖండవాడ అనే ఊరిని మల్లన అనే ఆయన దానంగా పొందాడు.

ఇక్కడే పండితులకి పెద్ద చిక్కొచ్చింది. ఊరు పుచ్చుకున్న మల్లనా, లెక్కల పుస్తకం రాసిన మల్లనా ఒకరేనా అని. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టుకోవడం మామూలే కదా. పద్యాలు జాగ్రత్తగా చూసినవాళ్ళు ఊరు పొందింది తాత మల్లన, పుస్తకం రాసింది మనవడు మల్లన అని తేల్చారు. మధ్యలో తండ్రి పేరు శివన్న. అలా చూస్తే మన మల్లన పదకొండో శతాబ్దం చివరో, పన్నెండో శతాబ్దం మొదటో బతికినవాడు. రాజుల దగ్గర గౌరవం ఉన్న శైవ కుటుంబం, చేతిలో అగ్రహారం, సంస్కృత పాండిత్యం. ఇన్ని ఉన్నవాడు ఆ రోజుల్లో ఏ పురాణమో తెనిగించి పేరు తెచ్చుకోవచ్చు. ఈయన లెక్కల పుస్తకం ఎంచుకున్నాడు.

ఆ పుస్తకం ఎవరిదో చెప్పాలంటే మా జిల్లా వైపు రావాలి. మాది నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్. లింబాద్రి గుట్ట నరసింహస్వామి వల్ల కొందరికీ, పసుపు వల్ల ఇంకొందరికీ తెలిసిన ఊరు. మా జిల్లాలోనే ఉన్న బోధన్ ఒకప్పుడు రాష్ట్రకూటుల కింద ఏలిన వేములవాడ చాళుక్యులకి తొలి రాజధాని. ఆ రాష్ట్రకూటుల చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, అంటే తొమ్మిదో శతాబ్దంలో, మహావీరుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం అనే గ్రంథం రాశాడు. అప్పటిదాకా మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిషానికి, గ్రహగతుల పుస్తకాలకి తోకలా ఉండేది. మహావీరుడు దాన్ని విడదీసి, గణితం కోసమే ఒక పుస్తకం పెట్టాడు. గుణకారం, భాగహారం, భిన్నాలు, త్రైరాశికం, పొలాల వైశాల్యాలు, తవ్వకాల కొలతలు, నీడల లెక్కలు అన్నీ అందులో ఉన్నాయి. సంఖ్యలో 24 స్థానాలకి వరసగా పేర్లు పెట్టాడు.

దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత అదే పుస్తకాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పేరు సారసంగ్రహ గణితము. జనం మాత్రం పావులూరి గణితం అనే పిలిచారు. తెలుగులో మనకి దొరికిన మొదటి లెక్కల పుస్తకం ఇదే.

ఆయన చేసింది మాటకి మాట పెట్టే అనువాదం కాదు. మహావీరుడు ఒక సంఖ్యని వర్గం చెయ్యడానికి, ఘనం చెయ్యడానికి రకరకాల పద్ధతులు ఇచ్చాడు. వాటిలో బీజగణితం మీద నడిచేవాటిని మల్లన పక్కన పెట్టేసి, చేత్తో చేసుకునే పద్ధతిని ఉంచాడు. కొలతలు తన ప్రాంతంలో వాడుకలో ఉన్నవి తీసుకున్నాడు. ఉదాహరణల్లో జైన వాసన తగ్గించి చుట్టుపక్కల జనానికి తెలిసినవి పెట్టాడు. స్థానాల పేర్ల వరసని మహావీరుడు ఆపిన చోట ఆపకుండా ఇంకా ముందుకి సాగించాడు. అంటే తీసివేతలూ ఉన్నాయి, కూడికలూ ఉన్నాయి. ఏది తీశాడు, ఏది కలిపాడు అన్నది చూస్తే ఆయన ఎవరి కోసం రాశాడో అర్థమవుతుంది. ఆ పుస్తకం కవిసభ కోసం కాదు. పొలం కొలిచేవాడు, ధాన్యం కొలిచేవాడు, ఊరి లెక్క రాసేవాడు, వాళ్ళ దగ్గర నేర్చుకునే పిల్లలు, వీళ్ళ కోసం.

పిల్లల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, గుణకారం దగ్గర ఆయన ఆగి ఆడుకున్నాడు. మహావీరుడి పుస్తకంలో హారాల్లాంటి లబ్ధాలు వచ్చే గుణకారాలు కొన్నున్నాయి. ఆ కోవకి చెందినది ఒకటి చేసి చూడండి: 142857143ని 7తో గుణిస్తే 1000000001 వస్తుంది. రెండు చివర్లా రెండు ఒకట్లు, మధ్యలో సున్నాల దండ. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వరసగా వస్తాయి. మల్లనకి ఇవి తెగ నచ్చినట్టున్నాయి. తన సొంతంగా ఇలాంటివి ఎన్నో చేర్చాడు. దీని వల్ల ఒక లాభం ఉంది. లెక్క చేసే పిల్లవాడికి జవాబు సరైందో కాదో ఎవరూ చెప్పక్కర్లేదు. దండ ఎక్కడైనా తెగితే తప్పు ఎక్కడుందో కంటికే కనబడుతుంది.

ఇప్పుడు ఆ ఇరవై అంకెల సంఖ్య దగ్గరికి వద్దాం. చదరంగం కథ మీకు తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గడుల్లో మొత్తం ఎన్ని గింజలు? జవాబు 2⁶⁴ లోంచి ఒకటి తీస్తే వస్తుంది. మల్లన పద్యం ఈ మొత్తాన్నే చెప్తుంది.

దీని కోసం 64 సార్లు రెట్టింపు చెయ్యక్కర్లేదు. ఘాతం సగం చేసుకుంటూ పోయి, వర్గాలు చేసుకుంటూ రావడం పింగళుడి కాలం నుంచి మన వాళ్ళకి తెలిసిన ఉపాయం. మహావీరుడూ గుణశ్రేఢికి ఇదే దారి చెప్పాడు. 2ని వర్గం చేస్తే 4. దాని వర్గం 16. ఆపైన 256. ఆపైన 65536. ఆపైన 4294967296. దీన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే 2⁶⁴. మొత్తం ఆరు గుణకారాలు. మన అల్గారిథమ్స్ క్లాసులో చెప్పే ఫాస్ట్ ఎక్స్‌పొనెన్షియేషన్ ఇదే, వేరేది కాదు.

చివరి గుణకారం మనమైతే సైంటిఫిక్ నొటేషన్‌లో చేస్తాం. 4294967296 అంటే సుమారు 4.295 × 10⁹. దాన్ని దానితోనే గుణించాలి. ముందున్న సంఖ్యల్ని విడిగా గుణిస్తే 18.45 వస్తుంది. పది మీదున్న ఘాతాల్ని కూడితే 9 + 9 = 18. అంటే 18.45 × 10¹⁸. ముందు సంఖ్య పదికి లోపల ఉండాలి కాబట్టి బిందువుని ఒక స్థానం ఎడమకి జరిపి, ఘాతంలో ఒకటి కలిపితే 1.845 × 10¹⁹. అర నిమిషం పని.

ఈ అర నిమిషం పనికే చాలామంది భయపడతారు. మా చిన్నమ్మ కొడుకు ఇంటర్ ఫిజిక్స్‌లో పది మీద చిన్న అంకె కనబడితే చాలు, పేజీ తిప్పేసేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు. వాడికి లెక్క రాక కాదు, ఆ రాత తనది కాదనిపించింది. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు వాణ్ణి ఒకటే అడిగా, నూరు లక్షలైతే ఎంతని. కోటి అన్నాడు, ఇది కూడా అడుగుతారా అన్నట్టు చూసి. నూరులో రెండు సున్నాలు, లక్షలో ఐదు, కోటిలో ఏడు అని రాసి చూపించా. 10² × 10⁵ = 10⁷. వెయ్యి పదివేలు కూడా కోటే, మూడూ నాలుగూ ఏడు. ఘాతాల కూడిక అంటే ఇంతే. పసుపు అమ్మి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసినదే, ఎవరూ దాన్ని రూల్ అని పిలవలేదు.

మల్లన స్థానాలకి పేర్లు పొడిగించుకుంటూ పోయింది దీని కోసమే. ప్రతి పేరూ ఒక ఘాతం. పేరు వింటే ఎన్ని సున్నాలో తెలుస్తుంది. ఆ పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే ప్రతి స్థానానికి ఒక పేరు గుర్తుపెట్టుకోవాలి. పేర్లు అయిపోతే లెక్క ఆగుతుంది. పేరు బదులు అంకె పెట్టిన రోజు ఆ హద్దు పోయింది. 10¹⁹కి పేరు తెలియకపోయినా దాన్ని గుణించగలం.

పాత కొలతలు చూస్తే ఇది ఎంత సుఖమో తెలుస్తుంది. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టిలో ఎన్ని మానికలంటే 20ని 4తో, మళ్ళీ 4తో గుణించి 320 అనాలి. ఇక్కడ ఘాతాలు కూడడానికి వీల్లేదు, ఎందుకంటే మెట్టు మెట్టుకీ ఆధారం మారుతుంది. మల్లన పాఠకులు రోజూ చేసింది ఇలాంటి లెక్కలే. వాళ్ళకి గుణకారం మీద అంత పట్టు ఎందుకు అవసరమో ఊహించుకోవచ్చు.

మన నొటేషన్‌లో గింజల బరువు కట్టి చూద్దాం. ఒక్కో వడ్లగింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే 2.5 × 10⁻⁵ కిలోలు. గింజలు 1.84 × 10¹⁹. గుణిస్తే 1.84 × 2.5 = 4.6, ఘాతాలు 19 − 5 = 14. మొత్తం 4.6 × 10¹⁴ కిలోలు. క్వింటాల్ అంటే 10² కిలోలు కాబట్టి 4.6 × 10¹² క్వింటాళ్ళు. మన దేశం మొత్తం ఏడాదికి పండించే పసుపు సుమారు పది లక్షల టన్నులు, అంటే 10⁷ క్వింటాళ్ళు. చదరంగం బల్ల మీది గింజల బరువుకి సరితూగే పసుపు కావాలంటే దేశమంతా కలిసి 4.6 × 10⁵ ఏళ్ళు, అంటే నాలుగు లక్షల అరవై వేల ఏళ్ళు పండించాలి. 2025లో నిజామాబాద్‌లో కేంద్ర కార్యాలయం పెట్టుకున్న జాతీయ పసుపు బోర్డుకి కూడా ఇది కాస్త పెద్ద పనే.

సరే, 1.84 × 10¹⁹ అని రాసుకుంటే పని అయిపోతోంది కదా, మరి మల్లన ఇరవై అంకెలూ ఎందుకు చెప్పాడు? నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఈ ప్రశ్న వల్లే.

ఎనిమిది అంకెలు చూపించే కాలిక్యులేటర్ ఆ సంఖ్యని 1.8446744 × 10¹⁹ అంటుంది. చివరి 4 తర్వాత ఏముందో మనకి కనబడదు. అక్కడ దాగగలిగిన తేడా 5 × 10¹¹ గింజల దాకా ఉండొచ్చు. బరువు కడితే 1.25 × 10⁷ కిలోలు, అంటే లక్షా పాతికవేల క్వింటాళ్ళు. ఒక దశాంశ స్థానం వెనక అంత ధాన్యం దాక్కోవచ్చు. సి భాషలో డబుల్ వాడినా ఇదే సంగతి. 18446744073709551615ని డబుల్‌లో పెడితే అది 18446744073709551616 అయిపోతుంది. దానికి కింద డబుల్ పట్టుకోగల తర్వాతి సంఖ్య 2048 తక్కువ. మధ్యలో ఉన్నవేవీ దానికి లేవు. మల్లన పద్యంలో ఆ చివరి 5 ఉంది.

మా బాపు పసుపు అమ్మేటప్పుడు రెండు లెక్కలు వేస్తాడు. తవ్వకముందే, మడి చూసి, ఎకరానికి ఇన్ని క్వింటాళ్ళు, ఇంత ధర పలికితే ఇంత అని నోటితో ఒక లెక్క. క్వింటాల్ 12000 అనుకుంటే, 25 క్వింటాళ్ళకి 1.2 × 10⁴ × 2.5 × 10¹ = 3 × 10⁵, మూడు లక్షలు. ఆయన ఘాతాలు రాయడు కానీ ఇదే చేస్తాడు. కూలీలకి, ఉడకబెట్టడానికి, పాలిష్‌కి అప్పు ఎంత తేవచ్చో ఈ లెక్క మీద నిర్ణయం అవుతుంది. ఇక్కడ ఒక సున్నా తప్పితే ఇల్లే తప్పుతుంది. రెండో లెక్క మార్కెట్లో కాంటా అయ్యాక. చేతికొచ్చిన తక్‌పట్టీ మీద కిలోలు, గ్రాములు, కోతలు, కూలి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూస్తాడు. అక్కడ సుమారు అన్న మాటకి చోటు లేదు. తొమ్మిది నెలల పంట అది.

మొదటి లెక్కకి సైంటిఫిక్ నొటేషన్ కావాలి. రెండో లెక్కకి మల్లన కావాలి. ఊరి లెక్క రాసేవాళ్ళ కోసం పుస్తకం రాసినవాడు చివరి గింజ దాకా చెప్పడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి, ఇంత పెద్ద సంఖ్య తాటాకుల మీద వందల ఏళ్ళు ఎలా బతికింది? ఇరవై అంకెలు వరసగా రాసి ఉంటే ఏ నకలు రాసేవాడో ఒక 4 మర్చిపోయేవాడు. ఎవరికీ తెలిసేది కాదు. మల్లన అంకెలు రాయలేదు, భూతసంఖ్యల్లో చెప్పాడు. చంద్రుడంటే 1, వేదాలూ సముద్రాలూ అంటే 4, మన్మథుడి బాణాలు 5, కొండలు 7, ఏనుగులు 8, ఆకాశం 0. ఒకే అంకెకి చాలా పేర్లున్నాయి కాబట్టి ఛందస్సుకి ఏది పడితే అది వాడుకోవచ్చు. చదివేటప్పుడు మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కణ్ణించి ఎడమకి నడవాలి.

చంపకమాలలో పాదానికి 21 అక్షరాలు, గురువులూ లఘువులూ ఏ వరసలో రావాలో ఖాయం, 11వ అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. ఒక మాట జారితే గణం తప్పుతుంది, చెవికి తెలిసిపోతుంది. నెట్‌వర్క్స్‌లో మనం చదివే చెక్‌సమ్ చేసే పని ఇక్కడ ఛందస్సు చేసింది. ఏనుగు మాట తీసేసి అదే కొలతలో ఇంకో మాట పెడితే పట్టుకోలేదు గానీ, మాట పోవడం, అటూ ఇటూ కావడం లాంటి తప్పుల్ని చాలావరకు పట్టేస్తుంది.

మల్లన ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో తెలిపే శాసనం లేదు. ఆయన పుస్తకం తాటాకుల మీద చేతులు మారుతూ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పండితులు ఆ ప్రతుల్ని వెతికి పట్టుకుని పరిష్కరించారు. మూలగ్రంథమైన గణితసారసంగ్రహం రంగాచార్య గారి ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసులో అచ్చయింది. పండితులు సంస్కృతానికి ఇచ్చినంత శ్రద్ధ దీనికి ఇవ్వలేదని నాకనిపిస్తుంది. సాహిత్యం వాళ్ళు లెక్కలు కదా అని వదిలేశారు. లెక్కల వాళ్ళు పద్యాలు కదా అని వదిలేశారు. మధ్యలో నిలబడే క్లబ్ మనది, అందుకే ఇక్కడ చెప్పుకోవాలి.

నన్నయ భారతం మొదలుపెట్టిన తరానికి అటూ ఇటుగానే తెలుగులో త్రైరాశికమూ, గుణకారాల దండలూ, ఇరవై అంకెల సంఖ్యా ఉన్నాయి. తెలుగులో కథలు చెప్పుకోవచ్చు గానీ లెక్కలు చెప్పుకోలేమన్న మాట తర్వాతెప్పుడో పుట్టింది. మా తమ్ముడు ఇప్పుడు పేజీ తిప్పెయ్యడం లేదు. ఘాతం కనబడితే లక్షల్లో, కోట్లలో ఒకసారి పలికి, ఆ తర్వాత ఇంగ్లీషులో జవాబు రాస్తున్నాడు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వాడే నోటిలెక్కలు ఏవైనా ఉంటే, సేరు, మణుగు, పుట్టి, గుంట, ఏదైనా సరే, అడిగి రాసి క్లబ్‌కి పంపండి. వచ్చే సంచికలో వాటిని పది ఘాతాల్లోకి మార్చి వేద్దాం.